మంచు నిద్ర, ఎండ నిద్ర: బండల్లో పూసే గడ్డల కథ

మన చుట్టాల ఇళ్ళల్లో రెండు మూడేళ్ళుగా ఒకే మాట వింటున్నాం. పుణెలో మేనత్త వాళ్ళు, హోసూరులో చిన్నాన్న వాళ్ళు, ఇక్కడ యలహంకలో మా వదిన, ఎవరికి వారే ఆన్‌లైన్‌లో పూలగడ్డలు తెప్పించారు. కొందరు హయసింత్, కొందరు ట్యులిప్. ఇంటి ముందు రాళ్ళు పేర్చి, మధ్యలో ఇసుకా ఎర్రమట్టీ పోసి, చూడముచ్చటగా నాటారు. ప్యాకెట్ మీద నాలుగు మాటలు రాసి ఉన్నాయట: వసంతంలో పూస్తుంది, మంచి వాసన, నీళ్ళు తక్కువ చాలు, రాతితోటకి బాగుంటుంది. మన ఊళ్ళకి ఇంతకన్నా సరిపోయే మొక్క ఏముంటుంది? కానీ మేనత్త గడ్డలకి ఆకులు వచ్చి ఆగిపోయాయి. వదినవి మొదటి వానకే కుళ్ళిపోయాయి. చిన్నాన్న మాత్రం "మన చెయ్యి మంచిది కాదేమో" అని ఊరుకున్నాడు.

చెయ్యి మంచిదే. ప్యాకెట్ మీద ఉన్నది కూడా అబద్ధం కాదు. ఆ గడ్డకి తెలిసిన వసంతం వేరు, మనకి తెలిసిన వసంతం వేరు, అంతే. ఆ తేడా ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ పోతే కాబూలు కొండల నుంచి మెక్సికో దాకా, సామర్లకోట నుంచి లాల్‌బాగ్ దాకా తిరిగి చివరికి మా ఊరి వెనక బండ దగ్గరికే వచ్చాం. ఆ బండ గురించి కూడా చెప్పాల్సింది ఉంది. ముందు కాబూలు.

బాబరు 1504లో కాబూలు పట్టుకున్నాడు. తన జీవితం గురించి చగతాయి తుర్కీ భాషలో రాసుకున్న పుస్తకంలో యుద్ధాల మధ్య మధ్య పళ్ళ గురించీ, పిట్టల గురించీ, పూల గురించీ ఎంతో ఓపిగ్గా రాశాడు. కాబూలుకి ఉత్తరాన కొండల అడుగున ట్యులిప్ పూలు రంగురంగులుగా పూస్తాయనీ, ఒకసారి లెక్క వేయిస్తే 32 రకాలో 33 రకాలో తేలాయనీ అంటాడు. వాటిలో ఒకదానికి ఎర్ర గులాబీ వాసన కొంచెం వస్తుందట. దానికి తామే గులాబీ వాసన ట్యులిప్ అని పేరు పెట్టుకున్నారట. అది దష్త్-ఇ-షేక్ అనే ఒక్క మైదానంలోనే ఉంటుంది, ఇంకెక్కడా కనబడదు అని రాశాడు. దేశాలు గెలవాలని తిరిగే మనిషి, ఒక్క మైదానం దాటని పువ్వు ఎక్కడుందో గుర్తు పెట్టుకున్నాడు. మాకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా నచ్చింది ఈ ముక్కే.

ఆ కొండలు ఎలాంటివి? చలికాలంలో సున్నా కిందికి పోయే చలి, మంచు. వసంతంలో మంచు కరిగి కొన్ని వారాల పాటు రాళ్ళ మధ్య మట్టికి తడి. తరవాత ఎండాకాలమంతా చుక్క వాన లేదు. ట్యులిప్, హయసింత్ లాంటి గడ్డలు ఇలాంటి నేలకే పుట్టాయి. తుర్కీ, సిరియా, ఇరాన్, మధ్య ఆసియా కొండల్లో చాలా చోట్ల ఇదే వరస. రాళ్ళ నేలలో నీళ్ళు నిలవవు కాబట్టి గడ్డ కుళ్ళదు. ఎండాకాలంలో పైన ఆకు ఎండిపోయినా లోపల గడ్డ పడుకుని ఉంటుంది. ఆ నిద్రలోనే వచ్చే ఏటి పువ్వు మొగ్గ లోపల తయారవుతుంది. కానీ ఆ మొగ్గకి కాడ సాగి పైకి రావాలంటే సుమారు 12 నుంచి 16 వారాల పాటు 9 డిగ్రీల లోపు చలి తగలాలి. ఆ చలి లెక్క పూర్తి కాకుండా ఎంత మంచి మట్టి వేసినా, ఎంత ముద్దుగా చూసుకున్నా పువ్వు పైకి రాదు.

మన బెంగళూరు సంగతి చూడండి. చల్లని ఊరని పేరు. ఈ ఊళ్ళో వాతావరణ లెక్కలు రాయడం మొదలైనప్పటి నుంచీ అన్నిటికన్నా తక్కువ వేడి నమోదైంది 1884 జనవరి 13న: 7.8 డిగ్రీలు. మామూలు జనవరి రాత్రుల్లో 15, 16 డిగ్రీలు. అంటే నూటయాభై ఏళ్ళలో వచ్చిన చలంతా ఒకచోట పోగేసినా హయసింత్‌కి ఒక్క చలికాలం సరిపడదు. ఫ్రిజ్‌లో రెండున్నర మూడు నెలలు పెట్టి తీసి నాటితే ఒక్కసారి పూస్తుంది, అది నిజమే. మరుసటి ఏడు మళ్ళీ ఫ్రిజ్. మాకైతే అది తోటపని అనిపించదు, వంటింటి పని అనిపిస్తుంది.

కాబూలు, ఇరాన్ వసంతం ఇంకో దారిలో మన వైపుకి వచ్చింది. పువ్వు రాలేదు, మాట వచ్చింది. దక్కను సుల్తానుల కాలంలో బీదరు, బీజాపూరు, గోల్కొండ ఆస్థానాల్లో పారసీ కవిత్వం ఉండేది. ఆ కవిత్వంలో కన్నుకి నర్గిస్ పోలిక, కురులకి సుంబుల్ పోలిక. సుంబుల్ అంటే మన హయసింతే. దక్కను పల్లెల్లో ఆ పేర్లు ఆడపిల్లలకి పెట్టారు, పాటల్లో పాడుకున్నారు. నర్గిస్ కొంచెం మెత్తని పువ్వు కాబట్టి పంజాబు, కాంగ్రా వైపు చలికాలంలో పూస్తుంది. సుంబుల్ మాత్రం దక్కను ఎండలో పూసే పువ్వు కాదు. బహుశా అందుకే, రాత్రి పూట ఘుమ్మని వాసన వేసే ఒక తెల్లని గడ్డపువ్వు సముద్రం దాటి వచ్చి ఈ నేలలో నిలిచినప్పుడు, దానికి ఒక పారసీ పేరు రెడీగా ఉంది. గుల్-ఎ-షబ్బో. షబ్ అంటే రాత్రి, బూ అంటే వాసన. తమాషా ఏమిటంటే ఇరాన్‌లో షబ్బో అంటే వేరే మొక్క. అక్కడి పేరు ఇక్కడికి వచ్చి కొత్త పువ్వు మీద వాలింది.

ఆ పువ్వే మన సుగంధరాజ.

మన బ్లాగు చదివే ఇళ్ళల్లో ఈ ఒక్క పువ్వుకి ఎన్ని పేర్లున్నాయో చూస్తే ఎవరు ఎక్కడ స్థిరపడ్డారో చెప్పేయొచ్చు. కన్నడ నేలలో ఉన్న మాకు సుగంధరాజ. మేము చదివింది కన్నడ మీడియం, పువ్వు పేరు ముందు బళ్ళో నేర్చుకున్నాం, తెలుగు పేరు తరవాత పెళ్ళిళ్ళకి వచ్చిన చుట్టాల నోట విన్నాం. అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చిన వాళ్ళు లిల్లీ అంటారు. అది లిల్లీ కుటుంబం కాదు, అయినా పేరు నిలిచిపోయింది. పాత తెలుగులో నేలసంపెంగ. తమిళనాడులో స్థిరపడిన మన వాళ్ళు ఒట్టి సంపంగి అంటారు, ఎందుకంటే అక్కడి పూల అంగళ్ళలో సంపంగి అంటే ఇదే. చెట్టు సంపెంగకి వాళ్ళు సెణ్బగం అనే వేరే పేరు వాడుకుంటారు. ఇది తెలియక మా పెద్దమ్మ మధురైలో సంపెంగలు అడిగి సుగంధరాజ మూర పట్టుకొచ్చిన కథ మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే. మహారాష్ట్ర వాళ్ళకి నిశిగంధ, ఇంకా గుల్‌ఛడీ. ఒడిశా వాళ్ళకి రజనీగంధ. ఇందులో దాదాపు ప్రతి పేరూ వాసన గురించో రాత్రి గురించో చెబుతుంది, లేకపోతే అంతకుముందే తెలిసిన ఇంకో పువ్వు పేరు అరువు తెచ్చుకుంటుంది. ఏ పేరూ అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు.

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. కన్నడంలో గడ్డె అంటే దుంప, గడ్డ అంటే గడ్డం. చిన్నప్పుడు బళ్ళో "మా ఇంట్లో గడ్డ నాటాం" అని చెప్పి క్లాసంతా నవ్వించిన వాళ్ళు మన ఇళ్ళల్లో కనీసం ముగ్గురున్నారు. తెలుగులో గడ్డ అంటే దుంప, గడ్డ అంటే నేల కూడా. పుట్టిన గడ్డ అంటాం కదా.

సుగంధరాజ పుట్టిన గడ్డ మెక్సికో. అక్కడి నహువాత్ల్ భాషలో దాని పేరు ఓమిషోచిత్ల్, అంటే ఎముక పువ్వు. తెల్లగా, మైనంలా, గట్టిగా ఉండే రేకులు చూస్తే ఆ పేరు ఎందుకో తెలుస్తుంది. 1521లో స్పెయిన్ వాళ్ళు అజ్టెక్ రాజధానిని పట్టుకున్నాక అక్కడి మొక్కలు ఓడలెక్కాయి. అలా ఓడలెక్కినవే మిరపకాయ, బంతిపువ్వు. బంతి లేకుండా దసరా ఊహించలేం, మిరపకాయ లేకుండా అన్నమే ఊహించలేం. కాబట్టి సుగంధరాజ మెక్సికోది అని తెలిసి మనసు నొచ్చుకున్న మా అత్తమ్మకి ఈ జాబితా చదివి వినిపించాం. "అయితే దేవుడికి పెట్టేది ఏదీ మనది కాదా?" అన్నారు. తులసి మనదే అని చెప్పాక శాంతించారు.

ఈ పువ్వు ఎంత తొందరగా ఆసియాలో కలిసిపోయిందంటే, అది బయటి నుంచి వచ్చిందన్న సంగతే పెద్ద పెద్దవాళ్ళు కూడా మరిచిపోయారు. 1753లో లిన్నేయస్ దానికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు దాని పుట్టిల్లు తూర్పు దేశాలే అనుకున్నాడు. అంబోన్ దీవిలో బతికిన రంఫియస్ దాన్ని లాటిన్‌లో రాత్రి స్నేహితురాలు అన్నాడు. ఆ స్నేహితురాలు అన్న మాటే ఇప్పుడు మళ్ళీ దాని శాస్త్రీయ నామంలోకి వచ్చింది: అగావే అమికా. ఈ మధ్య శాస్త్రవేత్తలు దాన్ని అగావే జాతిలో కలిపారు. అగావే అంటే తెలుసు కదా, రైలు పట్టాల పక్కనా చేల గట్ల మీదా ముళ్ళ ఆకులతో నిలబడే కిత్తనార. కన్నడంలో కత్తాళె. అందుకే సుగంధరాజకి ఎండ అంటే భయం లేదు, మురుగు నీళ్ళంటేనే భయం. బండ పక్కన గరుకు మట్టిలో నాటితే బతుకుతుంది, నీళ్ళు నిలిచే బంకమట్టిలో నాటితే కుళ్ళుతుంది. అడవిలో తనంతట తాను పెరిగే సుగంధరాజ మెక్సికోలో కూడా ఇప్పుడు ఎవరికీ కనబడదు. మనిషి చేతిలోనే మిగిలిన మొక్క అది.

బెంగళూరుకి దీనితో ఇంకో బంధం ఉంది. ఊరి బయట హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ సింగిల్, డబుల్ రకాలని కలిపి శృంగార్, సువాసిని అనే రకాలు తయారు చేసింది, తరవాత ప్రజ్వల్, వైభవ్ వచ్చాయి. దండలకి విడిపూలు కావాలి కాబట్టి వాసన ఎక్కువుండే సింగిల్ రకాలు, గుత్తులకి కాడతో కోసే డబుల్ రకాలు. కె.ఆర్. మార్కెట్‌లో తెల్లవారుజామున కిలోల లెక్కన పోసి అమ్మేవాటిలో చాలా భాగం సింగిల్ రకాలే. మన వైపు పెళ్ళిలో ఆడపెళ్ళివారైనా మగపెళ్ళివారైనా సుగంధరాజ హారం లేకుండా ఫోటో దిగరు.

కానీ ఒకటి గమనించండి. సుగంధరాజ వసంతపు పువ్వు కాదు. ఫాల్గుణ చైత్రాల్లో గడ్డ నాటితే మూడు నెలలకి కాడ వేస్తుంది, ఆ తరవాత నీళ్ళున్నన్నాళ్ళు విడతలు విడతలుగా పూస్తూనే ఉంటుంది. పూసిన తల్లిగడ్డ మళ్ళీ పూయదు, పక్కన వచ్చే పిల్లగడ్డలే పూస్తాయి. మరి రాళ్ళ మధ్య, నీళ్ళు పోయకుండా, వసంతంలో, వాసనతో పూసే గడ్డ మన నేలకి లేదా? ఉంది. దాన్ని మనం కొనక్కర్లేదు కాబట్టి పట్టించుకోలేదు.

ఆ గడ్డల గురించి మొదట శ్రద్ధగా రాసి పెట్టింది తెలుగు నేల మీద కూర్చున్న ఒక స్కాట్లాండ్ వైద్యుడు. విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793లో కలకత్తా వెళ్ళేదాకా సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ తోట వేసి, స్థానిక చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించాడు. 1795లో మొదలైన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంలో బొమ్మ పక్కన చాలా చోట్ల తెలుగు పేరు కూడా ఉంటుంది. మనం నక్కవుల్లి అనే గడ్డకి శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే. మూడు పూల పాంక్రాషియం అనే తెల్లని సువాసన పువ్వుకి పేరు పెట్టింది కూడా ఆయనే.

రాక్స్‌బర్గ్ తరవాత సామర్లకోట తోట చూసుకున్న బెంజమిన్ హేన్ అనే జర్మన్‌ని, 1799లో టిప్పు చనిపోయాక, కంపెనీ వాళ్ళు బెంగళూరుకి పంపారు. హైదరలీ మొదలుపెట్టిన లాల్‌బాగ్ ఆయన చేతికి వచ్చింది. సామర్లకోట నుంచి బెంగళూరుకి ఒక తోటమాలి కట్టిన దారి అది. మన తాతల తాతలు బండ్ల మీద ఇటు రావడానికి వేరే కారణాలున్నాయి గానీ, అదే రోజుల్లో మొక్కలు కూడా ఆ వైపు నుంచి ఈ వైపుకి నడిచాయని తెలిసినప్పుడు మాకు ఎందుకో చాలా సంతోషం వేసింది. 1800లో మైసూరు రాజ్యమంతా తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్ ఈ ఊళ్ళో సుల్తానుల తోటలు చూసి, ఒక్కో మడిలో ఒక్కో రకమే నాటేవారని, ఒక మడి నిండా గులాబీలైతే ఇంకో మడి నిండా దానిమ్మలని రాశాడు. అది కాబూలు, ఇరాన్ నుంచి వచ్చిన పద్ధతి: నేలని చదరాలు చేసి, కాలవ తీసి, నీళ్ళు పారించే తోట.

అదే లాల్‌బాగ్‌లో ఇంకో తోట ఉంది, దాన్ని ఎవరూ వెయ్యలేదు. కెంపేగౌడ గోపురం నిలబడిన బండ అది. సుమారు 300 కోట్ల ఏళ్ళ వయసున్న రాయి. దాని పగుళ్ళలో వాన తరవాత గడ్డీ చిన్న చిన్న గడ్డమొక్కలూ లేస్తాయి. ఇంగ్లండ్‌లో 1882లో క్యూ తోటలో బండలు తోలించి రాతితోట కట్టారు, 1907లో రెజినాల్డ్ ఫారర్ రాతితోట మీద పుస్తకం రాశాక అది అక్కడ పెద్ద సరదా అయింది. వాళ్ళకి ఎప్పుడూ తడి నేల కాబట్టి, కొండమొక్క కుళ్ళకుండా ఉండాలని రాళ్ళు కొనుక్కుని పొడి నేల తయారు చేసుకున్నారు. కోలారు, చిక్కబళ్ళాపురం, తుమకూరు, అవతల పెనుకొండ, మడకశిర వైపు ఉన్న మన ఊళ్ళకి ఆ పని దేవుడే చేసి పెట్టాడు.

బండ ఎలా పనిచేస్తుందో చూడండి. పెద్ద పరుపుబండ మీద అర అంగుళం వాన పడినా ఆ నీళ్ళన్నీ జారి పగుళ్ళలోకీ దొనలోకీ చేరతాయి. పక్కన చేనుకి అర అంగుళమే, పగులుకి మాత్రం దానికి ఎన్నో రెట్లు. నీళ్ళు అంతే తొందరగా కిందికి దిగిపోతాయి, నిలవవు. పైన రాయి మండిపోతున్నా రెండు జానల లోపల మట్టి చల్లగా ఉంటుంది. గడ్డకి ముడుచుకునే వేర్లు కొన్ని ఉంటాయి. అవి ఏటేటా గడ్డని కొంచెం కొంచెం కిందికి లాక్కుంటాయి. అందుకే పాత గడ్డని చేత్తో పీకలేం, గునపం కావాలి.

నక్కవుల్లి ఈ బండల మధ్య మాఘ ఫాల్గుణాల్లో, ఆకు ఒక్కటీ లేకుండా, ఒట్టి కాడ మీద మట్టిరంగు పూలు పూస్తుంది. వాసన పెద్దగా లేదు, అందం కూడా అంతంతమాత్రమే. కానీ పేరు చూడండి. మనకి నక్కవుల్లి, కన్నడంలో నరి ఈరుళ్ళి, తమిళంలో నరి వెంగాయం. మూడు భాషల వాళ్ళూ కూడబలుక్కున్నట్టు దాన్ని నక్కకే ఇచ్చేశారు. తింటే విషం కాబట్టి మనిషికి వద్దు అని చెప్పడం అన్నమాట.

మా అవ్వ బండమీది పువ్వు అనేది పాంక్రాషియం. ఉగాది దాటాక, కానుగ పూత రాలి బాటంతా పరుచుకున్న రోజుల్లో, మొదటి పెద్ద ఉరుముల వాన పడుతుంది. భరణి కార్తె వాన పడితే ధరణి అంతా పంటే అని కన్నడంలో సామెత. ఆ వాన పడ్డ కొన్ని రోజులకి బండ పగులులోంచి జానెడు కాడ లేస్తుంది. సాయంత్రం వెలుగు తగ్గుతుంటే తెల్లని పువ్వు విచ్చుకుంటుంది. సన్నటి ఆరు రేకులు, మధ్యలో పలచని గిన్నె. వాసన సుగంధరాజ అంత బరువుగా ఉండదు, మల్లెకీ నిమ్మపూతకీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. చీకట్లో తిరిగే పొడుగు మూతి చిమ్మటలు దానికోసం వస్తాయి. మర్నాడు ఎండెక్కేసరికి వాడిపోతుంది. జడలో నిలవదు, దండకి గుచ్చితే కాడ విరుగుతుంది, మార్కెట్‌కి పనికిరాదు. పశువులు కూడా ముట్టవు, ఆ కుటుంబపు గడ్డల్లో విషముంటుంది. ఎవరికీ ఏ పనికీ రాలేదు కాబట్టే ఇన్ని వందల ఏళ్ళు తన పగులులో తాను ఉండిపోయింది.

కాబూలు ట్యులిప్‌కీ దీనికీ పని ఒకటే. కష్టకాలంలో నేల కింద పడుకోవడం, అదను చూసుకుని లేచి పూయడం. ట్యులిప్‌ని లేపేది మంచు, దీన్ని లేపేది వాన. మార్గశిరం నుంచి చైత్రం దాకా నెలల తరబడి చుక్క లేని ఎండలో మన గడ్డ నిద్రపోతుంది. ఆ ఎండే దాని చలికాలం. ఆ నెలల్లో జాలిపడి నీళ్ళు పోస్తే కుళ్ళుతుంది. వదిన కుండీల సంగతి కూడా ఇదే, కాకపోతే తలకిందులుగా: చలి కోసం ఎదురుచూసే గడ్డకి వాన దొరికింది.

ఇప్పుడు మా ఊరి బండ సంగతి. గౌరిబిదనూరు దగ్గర మా పాత ఊరు మనలో చాలామందికి తెలుసు. నంది కొండల్లో పుట్టిన ఉత్తర పినాకిని, అంటే మీ అందరికీ తెలిసిన పెన్న, ఆ పక్కగానే తెలుగు నేలలోకి పోతుంది. చాలా ఏళ్ళుగా అక్కడ దానిలో నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ. ఊరి వెనక పరుపుబండ, దాని మీద దొన, దొన చుట్టూ పగుళ్ళు. ఆ పగుళ్ళలో ఈ గడ్డలు. మా అవ్వ కాపురానికి వచ్చేనాటికే అవి ఉన్నాయని ఆమె చెప్పేది. ఆమె అత్తగారు కూడా అదే మాట చెప్పేదట.

ఆ బండలో ఉత్తరపు సగం ఇప్పుడు లేదు. భాగాలు పంచుకున్నప్పుడు ఆ వైపు వచ్చిన వాళ్ళు ఒక క్రషర్‌కి ఇచ్చారు. వాళ్ళని తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. బోర్లు వెయ్యి అడుగులు దాటినా నీళ్ళు పడని ఊళ్ళో, పంట పండని బండకి ఎవరైనా డబ్బిస్తామంటే కాదనడం తేలిక కాదు. ఆ రాయి కంకరై మనం ప్రయాణం చేసే రోడ్ల కిందా, మనం ఈఎంఐ కట్టే అపార్టుమెంట్ల కిందా ఉంది. కానీ రాయికి ధర కట్టిన కాగితంలో పగుళ్ళ గురించి ఒక్క మాట లేదు. 300 కోట్ల ఏళ్ళ రాయిని మళ్ళీ ఎవరూ పెట్టలేరు. బాబరు పువ్వుకి ఒక్కటే మైదానం ఉన్నట్టు, మాకు తెలిసినంతలో మా వైపు ఈ పువ్వుకి ఉన్నది ఆ ఒక్క బండే.

మిగిలిన సగం మాది, చిన్నాన్నలది, పుణె మేనత్తది. దాన్ని కూడా అడుగుతున్నారు. ఇంట్లో మాట తెగలేదు. పెద్దవాళ్ళలో ఇద్దరు ఇచ్చేద్దామంటున్నారు, ఇద్దరు వద్దంటున్నారు, మేనత్త "మీ ఇష్టం" అంటోంది. మేము వద్దన్న వైపు ఉన్నాం. మనది కాదని తెలిసినా సుగంధరాజకి ఇంత చోటిచ్చాం. అంతకుముందు నుంచీ ఇక్కడే ఉన్నదానికి ఉన్న చోటు తీసెయ్యడం మాకు ఒప్పదు.

మాట ఎటు తెగినా ఒక పని మాత్రం ఆగకూడదు. ఉత్తరపు వైపు అంచున, మందు పెట్టి పేల్చిన చోటికి దగ్గర్లో ఉన్న గడ్డలు ఎలాగూ నిలవవు. వాటిని పోయిన మాఘంలో, నిద్రలో ఉండగా, గునపంతో రాయి కదిలించి తీశాం. మూడు చేటల గడ్డలు వచ్చాయి. దక్షిణపు వైపు గడ్డలని ముట్టలేదు. అవి వాటి చోట ఉంటేనే మేలు, ఎవరూ సరదాకి తవ్వొద్దు.

తీసిన వాటిలో సగం మన ఇళ్ళకి పంచుతున్నాం. కావాల్సిన వాళ్ళు పుష్యమాసం లోపల చెప్పండి, సంక్రాంతికి వచ్చే వాళ్ళ చేతికే ఇస్తాం. కుండీ అయితే అడుగున బొక్క పెద్దది ఉండాలి. మట్టిలో సగం గరుకు ఇసుక, చిన్న కంకర కలపండి, ఎరువు వద్దు. గడ్డ మెడ మట్టికి కాస్త పైన ఉండేలా నాటండి, ఆ తరవాత అదే కిందికి దిగుతుంది. పక్కన ఒక పలక రాయి పెడితే వేర్లు దాని కిందికి పోతాయి. ఎండలోనే ఉంచండి. ఆకు వచ్చాక వానాకాలమంతా మామూలుగా నీళ్ళు, కార్తీకం దాటాక ఆకు పసుపెక్కితే పూర్తిగా ఆపెయ్యండి. పిల్లలకీ కుక్కపిల్లలకీ అందకుండా చూసుకోండి, ఉల్లిగడ్డలా కనబడుతుంది గానీ తినేది కాదు. పుణె వాళ్ళకి వానలు ఆలస్యం కాబట్టి భరణికే పూస్తుందని లెక్క పెట్టుకోవద్దు, జ్యేష్ఠం దాకా చూడండి. మొదటి ఏడు ఆకే రావచ్చు. వాన పడకముందే నీళ్ళు పోసి లేపాలని మాత్రం చూడొద్దు.